పొగాకు మీద పగ్గాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పొగాకు చట్టాల మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: ఇన్ని నిబంధనలు పెట్టారు కదా, సరుకులో ఏం మారింది? చాలానే మారింది. కాకపోతే చట్టం చేసినవాళ్లు అనుకున్న చోట కాదు, చట్టంలోని నిర్వచనం ఎక్కడ ఆగిందో ఆ చోట. అందుకే కింది జవాబుల్లో నిర్వచనాలు, కొలతలు కాస్త ఎక్కువే తగులుతాయి, విసుక్కోవద్దు.

ప్రశ్న: సిగరెట్ పెట్టెల మీద ఒకప్పుడు ‘లైట్’, ‘మైల్డ్’ అని రాసేవారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఆ మాటలు నిషేధం. టార్ తక్కువైతే ఆ సంగతి చెప్పనివ్వడమే మంచిది కదండీ?

జవాబు: ఆ సిగరెట్‌లో టార్ తక్కువ కాదండీ. కొలిచే యంత్రానికి తక్కువ అందేది, అంతే. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో యంత్రం నిమిషానికి ఒక దమ్ము లాగుతుంది. ఒక్కో దమ్ము 35 మిల్లీలీటర్లు, రెండు సెకన్లు. వచ్చిన పొగను ఒక గాజు పీచు ఫిల్టర్ పట్టుకుంటుంది. దాని మీద పేరుకున్న బరువులోంచి నీటిని, నికోటిన్‌ను తీసేస్తే మిగిలేదే ‘టార్’. అది ఫలానా పదార్థం పేరు కాదు, మిగిలిన మడ్డికంతా కలిపి పెట్టిన పేరు.

ఇప్పుడు సిగరెట్ వైపు రండి. ‘లైట్’ రకం సిగరెట్ ఫిల్టర్ చుట్టూ ఉన్న కాగితాన్ని ఊడదీసి వెలుతురుకు పట్టుకుంటే, నోట్లో పెట్టుకునే కొస నుంచి ఇంచుమించు 12 మిల్లీమీటర్ల దూరంలో సూదిమొన లాంటి రంధ్రాల వరస కనిపిస్తుంది. ఒక్కోసారి రెండు మూడు వరసలుంటాయి. దమ్ము లాగినప్పుడు ఆ రంధ్రాల్లోంచి బయటి గాలి చొరబడి పొగను పలుచన చేస్తుంది. మరీ తక్కువ అంకె రాసిన రకాల్లో దమ్ములో సగానికి పైగా గాలే. యంత్రం సిగరెట్‌ను కొస దగ్గర సుతారంగా పట్టుకుంటుంది కాబట్టి రంధ్రాలన్నీ తెరిచే ఉంటాయి. మనిషి అలా పట్టుకోడు. పెదవులో వేళ్లో ఆ వరసను కొంతైనా మూసేస్తాయి. మూయకపోయినా, రక్తానికి అలవాటైన నికోటిన్ అందకపోతే దమ్ము పెద్దదవుతుంది, లోతుగా దిగుతుంది, నిమిషానికి రెండో మూడో అవుతుంది. కెనడా ఆరోగ్య శాఖ తెచ్చిన ‘ఇంటెన్స్’ పద్ధతిలో దమ్ము 55 మిల్లీలీటర్లు, అరనిమిషానికి ఒకటి, రంధ్రాలు పూర్తిగా మూసేస్తారు. అదే సిగరెట్‌ను ఈ పద్ధతిలో పెడితే ‘లైట్’కూ మామూలుకూ ఉన్న తేడా చాలావరకు చెరిగిపోతుంది.

ఐరోపా సమాఖ్య ఆ మాటలను 2003లో, అమెరికా 2010లో తీసేయించాయి. కంపెనీలు మాట తీసేసి రంగు పెట్టాయి. బంగారు, వెండి రంగుల పెట్టెలు అలా వచ్చినవే. తాగేవాళ్లకు ఏ రంగు పాత ఏ పేరో వెంటనే తెలిసిపోయింది. మాటను నిషేధించి రంధ్రాలను వదిలేయడం పొరపాటని నా అభిప్రాయం. ఐరోపాలో టార్ 10 మిల్లీగ్రాములు, నికోటిన్ 1, కార్బన్ మోనాక్సైడ్ 10 మించకూడదన్న గరిష్ఠ పరిమితి ఉంది. దాన్ని ఐఎస్ఓ పద్ధతిలోనే కొలుస్తారు కాబట్టి, రంధ్రాలు పెంచితే చాలు పరిమితిలో ఇమిడిపోతుంది. ఆ అంకెలను పెట్టె మీద అచ్చువేయడం మాత్రం 2016 నుంచి మాన్పించారు. అది మంచి పని, అంకె చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: పన్ను పెంచితే అమ్మకాలు తగ్గుతాయంటారు. ఒక దేశంలో తగ్గుతాయి, ఇంకో దేశంలో జనం చవక రకానికి మారి ఊరుకుంటారు. ఎందుకీ తేడా?

జవాబు: ఎంత పన్ను అనే దానికంటే, దేని మీద పన్ను అనేది చూడాలి. లెక్క వేసి చూపిస్తాను. రెండు రకాల ప్యాకెట్లున్నాయి. పన్ను లేకుండా ఒకటి 20, ఇంకొకటి 60. చిల్లర ధరలో సగం పన్నుగా వసూలు చేస్తే మొదటిది 40 అవుతుంది, రెండోది 120. రెంటికీ కలిపి వచ్చిన పన్ను 80, ధరల మధ్య ఎడం 80. అదే ధరతో పని లేకుండా ప్యాకెట్‌కు 40 చొప్పున వేస్తే ధరలు 60, 100 అవుతాయి. వచ్చిన పన్ను అదే 80. ఎడం మాత్రం 40కి పడిపోయింది. ఖజానాకు ఒకటే, తాగేవాడికి ఒకటి కాదు. మొదటి పద్ధతిలో దిగువకు జారడానికి మెట్టు పెద్దగా, సుళువుగా ఉంది. రెండో దాంట్లో చవక ప్యాకెట్టే సగానికి సగం ఖరీదెక్కింది. పసివయసులో మొదలుపెట్టేవాళ్లు కొనేది ఆ ప్యాకెట్టే.

అయితే ప్యాకెట్‌కు ఇంత అనే పన్నుకు ఒక జబ్బుంది. ధరలూ జీతాలూ పెరుగుతుంటే అది ఉన్నచోటే ఉండి అరిగిపోతుంది. ఏటా ధరల సూచీతోనో ఆదాయాల పెరుగుదలతోనో దాన్ని ముడిపెట్టకపోతే మూడు నాలుగేళ్లకు పన్ను పెంచినట్టే ఉండదు. పొగాకు ధర 10 శాతం పెరిగితే వాడకం సుమారు 4 నుంచి 5 శాతం తగ్గుతుందని చాలా దేశాల అనుభవం. ఆ లెక్క ఆదాయం కదలకుండా ఉంటేనే. ఆదాయం 12 శాతం పెరిగిన ఏడాది ధర 10 పెరిగితే సిగరెట్ నిజానికి చవకైనట్టు.

ఇక శ్లాబులు. పన్నును ముక్కలుగా విడగొట్టిన ప్రతిచోటా సరుకు ఆ గీతకు ఒక వెంట్రుకవాసి ఇవతల పుడుతుంది. భారత్‌లో సిగరెట్ పన్నును పొడవును బట్టి వేస్తూ వచ్చారు. 65 మిల్లీమీటర్ల దాకా తక్కువ రేటు అనగానే 64 మిల్లీమీటర్ల ఫిల్టర్ సిగరెట్లు బజారుకొచ్చాయి. జర్మనీలో గొట్టంలో దూర్చుకోవడానికి ముందే చుట్టిన పొగాకు కడ్డీలు అమ్మేవారు. చేత్తో చుట్టుకునే పొగాకు అన్న పేరుతో వాటికి తక్కువ పన్ను పడేది. ఇవి సిగరెట్లేనని ఐరోపా న్యాయస్థానం 2005లో తేల్చాల్సి వచ్చింది.

అమెరికా ఉదాహరణ ఇంకా తమాషాగా ఉంటుంది. 2009 ఏప్రిల్ 1 నుంచి చేత్తో చుట్టుకునే పొగాకు మీద కేంద్ర పన్ను పౌనుకు 1.10 డాలర్ల నుంచి 24.78కి ఎగబాకింది. పైపు పొగాకు మీద 2.83 దగ్గరే ఆగింది. రెంటికీ ఆకు ఒకటే, కోత మాత్రం కొద్దిగా తేడా. అంతే, సంచుల మీద పేరు మారి ‘పైపు పొగాకు’ అమ్మకాలు పెరిగిపోయాయి. చిన్న చుట్టలకూ సిగరెట్లతో సమానంగా వెయ్యికి 50.33 డాలర్లు వేశారు, పెద్ద చుట్టలకు ధరలో శాతం వేశారు. చిన్నవీ పెద్దవీ విడదీసే గీత: వెయ్యి చుట్టల బరువు 3 పౌన్లు. అంటే ఒక్కోటి 1.36 గ్రాములు దాటితే అది ‘పెద్ద’ చుట్ట. ఫిల్టర్ పెట్టిన చిన్న చుట్టలు రాత్రికి రాత్రి ఆ పిసరు బరువెక్కాయి. కొందరు తయారీదారులు ఫిల్టర్‌లో మట్టి ఖనిజం కలిపి మరీ బరువు పెంచారు. తాగేదీ అదే, కాలేదీ అదే.

దీనికి మందు తెలిసిందే. కాల్చి తాగే పొగాకంతటికీ గ్రాముకు ఇంత, లేదా కడ్డీకి ఇంత, ఏది ఎక్కువైతే అది అన్నట్టు రాయాలి. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. కొత్త రేటు తేదీ ముందే ప్రకటిస్తే కంపెనీలు పాత రేటుకే నెలల సరుకు ఫ్యాక్టరీ గేటు దాటించేస్తాయి. అందుకని గడిచిన నెలల సగటుకు మించి సరుకు విడుదల కాకుండా ఆపాలి. లేదంటే మారే రోజు అర్ధరాత్రికి గోదాముల్లో, దుకాణాల్లో ఉన్న నిల్వ మీద తేడా పన్ను వసూలు చేయాలి. అమెరికా 2009లో ఈ నిల్వ పన్ను వేసింది గానీ పెద్ద చుట్టలను అందులోంచి వదిలేసింది.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, మొత్తం నిషేధిస్తే పోలా?

జవాబు: ఒకటి రెండు దేశాలు చేసి చూశాయి. భూటాన్ 2004లో అమ్మకాన్ని నిషేధించింది. సొంతానికి కొద్దిపాటి సరుకు పన్ను కట్టి తెచ్చుకోవచ్చు, రసీదు దగ్గరుండాలి. దాంతో దొంగ సరుకు సరిహద్దు దాటే దారులు పడ్డాయి. కోవిడ్ కాలంలో ఆ దారుల వెంటే వైరస్ కూడా వస్తుందన్న భయంతో మెట్టు దిగి, 2021లో చట్టం సవరించి అమ్మకానికి అనుమతించారు. దక్షిణాఫ్రికా 2020 మార్చి 27 నుంచి ఆగస్టు మధ్య దాకా లాక్‌డౌన్‌లో అమ్మకాన్ని ఆపేసింది. ఆ నాలుగున్నర నెలల్లో తాగేవాళ్లలో ఎక్కువమంది మానలేదు, దొంగచాటుగా రెట్టింపుకు పైగా ధరపెట్టి కొన్నారు. నిషేధం ఎత్తేశాక కూడా పన్ను కట్టని చవక సరుకు బజారులో పాతుకుపోయింది. ఇదే అసలు నష్టం. దొంగ సరుకుకు ఒకసారి దారి, దుకాణం, నమ్మకం ఏర్పడితే చట్టం వెనక్కి తీసుకున్నా అవి పోవు.

పొగాకు మొత్తాన్ని వదిలి ఒక రూపాన్నే నిషేధిస్తే జరిగేది వేరు. భారత్‌లో ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011 నిబంధన వచ్చింది. దాని ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. నిషేధం కలిపి అమ్మడం మీద. అందుకని పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం పక్కపక్కన వేలాడదీశారు. కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. కలపడం అనే పని ఫ్యాక్టరీ నుంచి చేతికి మారింది.

ప్రశ్న: పెట్టె మీద భయంకరమైన బొమ్మ వేస్తే మానేస్తారా? ఒకేరకం పెట్టెలు పెట్టిన దేశాల్లో ఏం జరిగింది?

జవాబు: బొమ్మ ఒక్కటే చూసి మానేసేవాళ్లు తక్కువ. దాని పని ఇంకొకటి. పెట్టె అంటే నడిచే ప్రకటన. రోజుకు ఇరవైసార్లు జేబులోంచి బయటికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం (2003లో ఆమోదం, 2005 ఫిబ్రవరి 27 నుంచి అమలు) ప్రకారం హెచ్చరిక పెట్టె ముఖ్య ముఖాల్లో సగమో అంతకు మించో ఉండటం మేలు, 30 శాతానికి తగ్గకూడదు. భారత్ 2016 ఏప్రిల్ నుంచి 85 శాతం చేసింది.

ఆస్ట్రేలియా 2012 డిసెంబరు 1 నుంచి పెట్టెనే లాక్కుంది. రంగు ఒక్కటే, పాన్‌టోన్ 448 సి అనే మడ్డి ఆకుపచ్చ-గోధుమ. మెరుపు ఉండకూడదు. బ్రాండు పేరు లూసిడా శాన్స్ అక్షరాల్లో, 14 పాయింట్లకు మించకుండా. ముందు 75 శాతం, వెనక 90 శాతం హెచ్చరిక. కంపెనీలు హైకోర్టుకు వెళ్లి 2012లో ఓడాయి. ప్రపంచ వాణిజ్య సంస్థలో దేశాలు వేసిన కేసు కూడా 2020లో నిలవలేదు. ఇక్కడా మిగిలింది పేరే. పెట్టె మీద రంగు పోయాక ఆ రంగు పేరులోకి ఎక్కింది, ‘స్మూత్’, ‘బ్లూ’ వంటి తోకలతో పేర్లు బారెడయ్యాయి.

ఈ పెట్టెలన్నిటినీ వట్టిపోయేలా చేసేది విడి సిగరెట్ అమ్మకం. ఒక్కటి కొనేవాడి చేతికి పెట్టె రాదు, హెచ్చరిక రాదు, పన్ను పెంపు కూడా ఒక్క కడ్డీ లెక్కలో చిల్లరలా అనిపిస్తుంది. కెనడా దీనికి 2023 ఆగస్టు నుంచి అమలు మొదలుపెట్టి సిగరెట్ కడ్డీ మీదనే, ఫిల్టర్ కాగితం దగ్గర, హెచ్చరిక అచ్చు వేయిస్తోంది.

ప్రశ్న: మెంథాల్ సిగరెట్లను ప్రత్యేకంగా ఎందుకు నిషేధిస్తున్నారు? అందులో విషం ఎక్కువా?

జవాబు: విషం ఎక్కువ కాదు, పొగ లోపలికి లాగడం సులువు. మెంథాల్ గొంతులో చల్లదనాన్ని గుర్తించే నాడులను తట్టిలేపుతుంది. పొగ మంట తెలియదు, దగ్గు రాదు. మొదటిసారి తాగేవాణ్ని ఆపేది ఆ దగ్గే. కెనడా 2017లో, ఐరోపా సమాఖ్య 2020 మే 20న నిషేధించాయి.

రెండు చట్టాల రాతలో తేడా ఉంది, అక్కడే అసలు కిటుకు. కెనడా ఫలానా పదార్థం కలపరాదని జాబితా రాసింది. ఐరోపా పొగాకును మించి వేరే వాసనో రుచో ‘స్పష్టంగా తెలియకూడదు’ అని రాసి, ఫిల్టర్‌లో నొక్కితే పగిలే గుళికలనూ వద్దంది. పైగా ఆ నిబంధన అప్పట్లో సిగరెట్లకూ చుట్టుకునే పొగాకుకూ మాత్రమే. దాంతో సిగరెట్ అంత సన్నంగా, పొగాకు ఆకు పొర చుట్టి, గుళిక పెట్టిన చిన్న చుట్టలు వచ్చాయి. సిగరెట్ ప్యాకెట్‌లో 20కి తగ్గకూడదన్న నియమం కూడా వాటికి లేదు కాబట్టి పదేసి చొప్పున అమ్మారు. మెంథాల్ పూసిన అట్టముక్కలు విడిగా అమ్మకానికి వచ్చాయి. పెట్టెలో పెట్టి మూసి గంట ఆగితే వాసన పట్టేస్తుంది. అట్టముక్క పొగాకు కాదు కదా!

కాలిఫోర్నియాలో 2022 డిసెంబరులో రుచుల నిషేధం రాగానే వాసన లేకుండా చల్లదనం మాత్రం ఇచ్చే కృత్రిమ పదార్థాలతో సిగరెట్లు వచ్చాయి. 2024లో చట్టాన్ని సవరించి ‘చల్లదనం’ అనే అనుభూతిని కూడా నిర్వచనంలో చేర్చాల్సి వచ్చింది.

ప్రశ్న: బ్రిటన్‌లో ఉండే మా అబ్బాయి ఇ-సిగరెట్ మందు 60 మిల్లీలీటర్ల సీసాలో 50 దాకా నింపి అమ్ముతారని, విడిగా చిన్న సీసా కలుపుకోవాలని చెప్పాడు. ఇదేం పద్ధతి?

జవాబు: ఐరోపా సమాఖ్య 2014 ఆదేశానికి పుట్టిన బిడ్డ అది. బ్రిటన్ సమాఖ్య నుంచి బయటికొచ్చినా ఆ కొలతలనే ఉంచుకుంది. నికోటిన్ ఉన్న ద్రవం సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు, గాఢత మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, పరికరంలోని తొట్టి 2 మిల్లీలీటర్లు మించకూడదు. అమ్మకానికి ఆరు నెలల ముందు వివరాలు దాఖలు చేయాలి. నికోటిన్ లేని ద్రవానికి ఇవేవీ లేవు. అందుకే పెద్ద సీసా నికోటిన్ లేకుండా, పది మిల్లీలీటర్ల ఖాళీతో వస్తుంది.

లెక్క ఇది: 18 గాఢత ఉన్న 10 మిల్లీలీటర్లలో 180 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. 50లో పోస్తే మొత్తం 60. 180ని 60తో భాగిస్తే మిల్లీలీటరుకు 3. రెండు చిన్న సీసాలు పోస్తే 6 అవుతుందనుకుంటారు, కాదు. 360 బై 70, అంటే 5.1. అదీ 60 సీసాలో పట్టదు. తప్పులు జరిగేది ఇక్కడే. పొంగించి చేతిమీద పోసుకుంటారు, నికోటిన్ చర్మం గుండా లోపలికి పోతుంది. వెంటనే సబ్బునీళ్లతో కడగాలి. సరిగా కుదపకపోతే కొన్ని దమ్ములు చప్పగా, కొన్ని గొంతు పట్టేలా ఉంటాయి. కలిపిన సీసా మీద కొత్త గాఢత రాసిపెట్టరు. పిల్లలు తీయలేని మూత, కారని మూతి అనే నిబంధనలు చిన్న సీసాకే తప్పనిసరి. కలిపాక పెద్ద సీసా కూడా అంతే ప్రమాదం. ‘2 శాతం’ అని రాసుంటే 20 మిల్లీగ్రాములని చదువుకోవాలి, 2 అని కాదు.

ఒక మాట చెప్పాలి: మీ అబ్బాయి సెలవుల్లో భారత్ వస్తే ఆ సామాను వెంట తేవద్దనండి. 2019 చట్టం ప్రకారం ఇక్కడ ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. నిల్వ తప్ప మిగతావాటికి మొదటిసారికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వకైతే ఆరు నెలల వరకు జైలు లేదా యాభై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ప్రశ్న: ఈమధ్య సిగరెట్ పక్కన పెడితే ఆరిపోతోంది. నాసిరకమా?

జవాబు: కాదు, అలా ఆరిపోవాలనే చేశారు. నిద్రలో పరుపు మీద పడ్డ సిగరెట్లతో అంటుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రం 2004లో, కెనడా 2005లో, ఐరోపా సమాఖ్య 2011లో ఈ నిబంధన తెచ్చాయి. కాగితంలో కొన్నిచోట్ల దట్టమైన పట్టీలుంటాయి. పొగాకు తీసేసి కాగితాన్ని దీపానికి అడ్డం పెడితే అడ్డగీతల్లా కనిపిస్తాయి. నిప్పు పట్టీ దగ్గరికి వచ్చేసరికి కాగితం గుండా గాలి సరిపోదు. దమ్ము లాగితే దాటుతుంది, లాగకపోతే ఆరుతుంది. పరీక్షలో పది పొరల ఫిల్టర్ కాగితం మీద 40 సిగరెట్లు పెడతారు. చివరిదాకా కాలేవి పదికి మించకూడదు. అంటే నాలుగింట ఒకటి కాలినా ఉత్తీర్ణతే. ఇది నిప్పు అంటుకోని సిగరెట్ కాదు, పొగలో విషమూ తగ్గదు.

ప్రశ్న: ఆకు క్యూరింగ్ చేసే పద్ధతిని బట్టి క్యాన్సర్ కారకాలు మారతాయని కొనుగోలుదారులు చెబుతున్నారు. నిజమేనా? బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) ఏం చూసుకోవాలి?

జవాబు: నిజమే. పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు, ముఖ్యంగా ఎన్ఎన్ఎన్, ఎన్ఎన్‌కే, పచ్చి ఆకులో దాదాపు ఉండవు. కోసిన తర్వాతే పుడతాయి. అమెరికాలో 1970ల నుంచి బ్యారన్ లోపలే గ్యాసు బర్నర్ వెలిగించి, ఆ వేడిగాలినే నేరుగా ఆకు మీదికి వదిలే పద్ధతి వ్యాపించింది. మంటలో పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లు ఆకులోని నికోటిన్, దాని తోబుట్టువులతో కలిసి నైట్రోసమైన్లు అయ్యాయి. కారణం తెలిశాక 2000 ప్రాంతంలో బ్యారన్లకు హీట్ ఎక్స్‌ఛేంజర్లు బిగించారు. మంట ఒకవైపు, ఆకుకు తగిలే గాలి ఇంకోవైపు, మధ్యలో లోహపు గోడ. దాంతో ఆ ఆకులో నైట్రోసమైన్లు బాగా పడిపోయాయి. కట్టెలతో మండించి రేకు గొట్టాల ద్వారా వేడి పంపే పాత బ్యారన్‌లో ఈ గోడ మొదటి నుంచీ ఉంది, గొట్టం చిల్లు పడనంత వరకు.

అందుకని చూసుకోవాల్సింది చిల్లులు, అతుకులు. ఆకు ఎక్కించక ముందే ఖాళీ బ్యారన్‌లో మంట పెట్టి కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఉంచండి. బయటి గాలి కంటే లోపల అంకె పెరుగుతూ పోతే ఎక్కడో కారుతున్నట్టు. ఆకు వేశాక ఈ పరీక్ష పనికిరాదు. పసుపు రంగు తిరిగే దశలో, 35 నుంచి 38 డిగ్రీల దగ్గర, ఆకు ఇంకా బతికే ఉండి ఊపిరి పీలుస్తుంది, ఆ వాయువు మీటర్‌కు తగులుతుంది. మీటర్ లేకపోతే చీకట్లో గొట్టం లోపల బల్బు పెట్టి బయట వెలుగు కనబడుతుందేమో చూడండి. మోచేతి వంపులు, పొయ్యిని ఆనుకున్న మొదటి గొట్టం ముందుగా తినేసుకుపోతాయి.

నీడలో ఆరబెట్టే బర్లీ రకానిది వేరే కథ. అక్కడ మంట ఉండదు, సూక్ష్మజీవులు ఆకులోని నైట్రేట్‌ను నైట్రైట్ చేస్తాయి. నత్రజని ఎరువు ఎక్కువేస్తే నైట్రేట్ ఎక్కువ, తేమ ఎక్కువ రోజులు నిలిస్తే సూక్ష్మజీవులు ఎక్కువ. దండెలు ఎడంగా కట్టడం, గాలి ఆడనివ్వడం, తడి ఆకును బేళ్లు కట్టకపోవడం, వేడెక్కే గోదాములో నెలలు ఉంచకపోవడం తప్ప అడ్డదారి లేదు.

అమెరికా ఆహార ఔషధ సంస్థ నమిలే పొగాకులో ఎన్ఎన్ఎన్ గ్రాముకు 1 మైక్రోగ్రాము మించకూడదని 2017 జనవరిలో ప్రతిపాదించింది. ఇలాంటి పరిమితి చట్టమైతే భారం మొదట పడేది ఫ్యాక్టరీ మీద కాదు, ఆకు పండించినవాడి మీద. నైట్రోసమైన్లు ఎంత తగ్గినా సిగరెట్ పొగలో మిగతా క్యాన్సర్ కారకాలు అలాగే ఉంటాయని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఆఫీసులో పొగ తాగేవాళ్లకు మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లతో ఒక గది ఇస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఫ్యాను గాలిని తిప్పుతుంది, తలుపు తీసిన ప్రతిసారీ కొంత నడవాలోకి వస్తుంది. లోపల అందరికీ ప్రమాదం లేకుండా చేసే మార్గం అక్కడ తాగనివ్వకపోవడం ఒక్కటేనని ఏసీ ఇంజినీర్ల అమెరికా సంఘమే 2005లో చెప్పింది. చట్టం గదికి అనుమతిస్తే మాత్రం దాని ఎగ్జాస్ట్ భవనం గాలితో కలవకుండా నేరుగా బయటికి పోవాలి, గదిలో పీడనం బయటికంటే తక్కువుండాలి, తలుపు దానంతటదే మూసుకోవాలి. తలుపు సందు దగ్గర సన్నటి దారప్పోగు పట్టుకోండి. అది గది లోపలికి వాలాలి. బయటికి వాలితే ఆ గది ఉన్నా లేనట్టే.

ప్రశ్న: ప్యాకెట్ల మీద వేసే కోడ్‌తో దొంగ సరుకు ఆగుతుందా?

జవాబు: కోడ్ సరుకును ఆపదు, దారి ఎక్కడ తప్పిందో చెబుతుంది. ఐరోపాలో 2019 మే 20 నుంచి ప్రతి సిగరెట్ ప్యాకెట్‌కూ వేరే వేరే కోడ్ ఉంది. పది ప్యాకెట్ల కార్టన్‌కు ఒక కోడ్, 500 ప్యాకెట్ల పెద్ద పెట్టెకు ఒకటి, ఆ పెట్టెలు పేర్చే చెక్క పలకకు (ప్యాలెట్) ఒకటి. పెద్దదాన్ని స్కాన్ చేస్తే లోపలివన్నీ నమోదవుతాయి. మధ్యలో గోదాములో పెట్టె విప్పి వేరే కార్టన్లు కలిపి, కొత్త బంధం కంప్యూటర్‌లో ఎక్కించకపోతే అక్కడి నుంచి జాడ తప్పు చూపిస్తుంది. తనిఖీల్లో తరచూ బయటపడే తప్పు ఇదే. కోడ్ ప్రయాణం చిల్లర దుకాణానికి ముందు మెట్టుతో ఆగిపోతుంది.

40 అడుగుల కంటైనర్‌లో కోటి సిగరెట్ల వరకు పడతాయి. ఒక్కటి పన్ను కట్టకుండా దాటినా లాభం ఎంతో ఊహించుకోవచ్చు. 1990ల మొదట్లో కెనడా పన్ను పెంచితే, ఎగుమతి పేరుతో పన్ను లేకుండా అమెరికా వెళ్లిన కెనడా సిగరెట్లే తిరిగి సరిహద్దు దాటి వచ్చాయి. 1994 ఫిబ్రవరిలో ప్రభుత్వం పన్నే తగ్గించుకుంది. ఎగుమతి సరుకు చేరాల్సిన చోటికి చేరిందో లేదో చూసే ఏర్పాటు చేయకుండా పన్ను తగ్గించడం, కన్నం పూడ్చకుండా కుండలో నీళ్లు తగ్గించినట్టుంది. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన అక్రమ వ్యాపార నిరోధక ఒప్పందంలో ఒక మంచి షరతుంది. ఈ జాడ తీసే బాధ్యతను పొగాకు పరిశ్రమకు అప్పగించకూడదు.

ప్రశ్న: ఫలానా సంవత్సరం తర్వాత పుట్టినవాళ్లకు ఎప్పటికీ అమ్మకూడదనే చట్టాలు వస్తున్నాయట. అమలు ఎలా?

జవాబు: న్యూజిలాండ్ 2022లో చేసింది, అమలు కాకముందే 2024లో రద్దు చేసింది. మాల్దీవులు 2025 నవంబరు 1 నుంచి అమల్లో పెట్టింది. 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు అమ్మరాదు, పర్యాటకులకైనా సరే. దుకాణదారుకు ఇది 18 ఏళ్ల నియమం కంటే తేలిక. వయసు లెక్కవేయనక్కర్లేదు, గుర్తింపు కార్డు మీద ఒకే ఒక్క తేదీతో పోల్చుకుంటే చాలు, ఆ తేదీ ఏనాడూ మారదు. చిక్కు ముందుముందు వస్తుంది. 2060లో 54 ఏళ్లాయన ప్యాకెట్ కొనుక్కుంటుంటే పక్కనున్న 53 ఏళ్ల తమ్ముణ్ని కార్డు చూపించమని అడగాల్సి ఉంటుంది.